పడుకున్న జింకపిల్లను లేపకండి

పశువైద్యం చదివి గల్ఫ్‌కు వెళ్లబోయే కుర్రవాళ్లు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. జీతం ఎంత అడగాలి, ఏసీ గది ఇస్తారా, ఏడాదికోసారి ఇంటికి పంపుతారా అని ఆరా తీస్తారు. వాటికి నా దగ్గరున్న జవాబులు ఎప్పుడో పాతబడ్డాయి. పాతబడనిది ఒక్కటుంది. పదమూడేళ్ల సౌదీ ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు, అది తప్పని ఆఫ్రికాలో ఒక వ్యాన్‌లో కూర్చుని తెలుసుకోవడం, దాన్ని నోరు తెరిచి ఒప్పుకోవడానికి పడ్డ అవస్థ. ఇక్కడ రాసేది అదే. ఎప్పుడు చేరాను, జీతం ఎప్పుడు పెంచారు వంటివి కావాలంటే మా ఆవిడ దగ్గర ఫైలు ఉంది.

మాది కర్నూలు జిల్లా, నందికొట్కూరు దగ్గరి పల్లె. సౌదీలో మొదటి రెండేళ్లు రియాద్ మలాజ్‌లో ఒక చిన్న క్లినిక్‌లో పనిచేశాను. పిల్లులు, చిలకలు, వేట డేగలు వచ్చేవి. డేగలకు అక్కడ మనుషులకన్నా మర్యాద ఎక్కువ. వాటిని తెచ్చిన పెద్దమనిషి నిలబడి ఉంటే, డేగ కుర్చీ చేతి మీద కూర్చునేది. ఆ క్లినిక్‌కు వచ్చిన ఒకాయన నన్ను చూసి, ఎడారిలో నా జింకల్ని చూసుకుంటావా అని అడిగాడు. ఆయనే తర్వాత నా కఫీల్, అంటే నా వీసాకు పూచీ ఉన్న యజమాని. అందరూ అబూ సాలెం అనేవాళ్లు, సాలెం వాళ్ల నాన్న అని.

హాయిల్ కంచె

అబూ సాలెంకు హాయిల్ దగ్గర గోధుమ పొలాలు ఉండేవి. పొలాలకు అవతల చాలా నేలను ఇనుప కంచెతో చుట్టించి, లోపల రీమ్‌లను పెంచేవాడు. రీమ్ అంటే ఇసుక రంగులో, మన మేకకన్నా సన్నగా ఉండే ఎడారి జింక. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలంతా తిరిగేవట. వేట తుపాకులు, జీపులు వచ్చాక తుడిచిపెట్టుకుపోయాయి. తాతలు వేటాడి తినేసినదాన్ని మనవళ్లకు మళ్లీ చూపించాలని ఆయన పట్టుదల. అది లాభం వచ్చే వ్యాపారం కాదు. అందుకే ఆ పనంటే నాకు ఇష్టం ఏర్పడింది.

జింకల దగ్గర ఉండేది మల్లయ్య. జగిత్యాల దగ్గరి ఊరు, పుట్టుక గొర్రెల కాపరుల ఇంట్లో. దుబాయ్‌లో సిమెంటు మోసి, అక్కడినుంచి హాయిల్‌కు వచ్చి పడ్డాడు. నాకన్నా ఐదారేళ్లు పెద్ద. నన్ను 'సారు' అనేవాడు. నేను మల్లయ్యా అనేవాణ్ణి. ఆ ఎడారిలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే అయినా, చదువుకున్నవాణ్ణి కదా, నా గది వేరు, నా కంచం వేరు. సిగ్గుపడాల్సిన సంగతే. అప్పుడు మాత్రం అది మామూలు సంగతిలాగే ఉండేది.

మల్లయ్యకు ఒకటే ఆశ. ఇంకో రెండేళ్లు అక్కడ చేసి, ఊళ్లో సొంత మంద కొనుక్కుని, మళ్లీ గొర్రెల వెంట పోవాలి. 'సిమెంటు పని నాకు నచ్చలే సారు, జీవాలుంటేనే పానం నిమ్మళం' అనేవాడు.

మేము చేసిన మంచి పని

నేను హాయిల్ వెళ్లిన రెండో ఏడు రీమ్‌లు బాగా ఈనాయి. రోజూ పొద్దున్నే మల్లయ్య, నేను పికప్‌లో కంచె లోపల తిరిగేవాళ్లం. ఎక్కడో ఒక పొద కింద పుట్టి ఒకటి రెండు రోజులైన పిల్ల ఒంటరిగా పడుకుని ఉండేది. తల్లి జాడ ఉండదు. ఉన్నా ఎక్కడో దూరాన అటు తిరిగి మేస్తుండేది.

'తల్లి ఇడిశిపెట్టింది సారు' అనేవాడు మల్లయ్య. నాకూ అలాగే తోచేది.

మా ఇద్దరికీ అలా తోచడానికి కారణం ఉంది. మన దగ్గర గొర్రె దారిలో ఈనితే కాపరి పిల్లను వదిలి రాడు. గొంగడిలో వేసుకుని భుజాన మోసుకొస్తాడు. దొడ్డిలో గంప కింద పెట్టి, పొద్దుగూకాక తల్లికి పట్టిస్తాడు. మంద మేసే చోట పిల్లను పడేసి వచ్చిన కాపరికి ఊళ్లో ఎవరూ జీవాన్ని అప్పగించరు. మల్లయ్య చిన్నప్పటినుంచి అదే చేశాడు. నేను మా మేనమామ ఇంట్లో అదే చూస్తూ పెరిగాను. పైగా పుస్తకం చదివాను కాబట్టి, పిల్లను ఎత్తుకొచ్చి తూచి, బొడ్డుకు అయోడిన్ పూసి, సీసాతో పాలు పట్టమని రాతపూర్వకంగా ఆర్డరు కూడా ఇచ్చాను.

మల్లయ్య ఒక్కో పిల్లను కండువాలో చుట్టి, ఛాతీకి ఆనించుకుని తెచ్చేవాడు. షెడ్డులో పక్కన పడుకునేవాడు. ఆ ఏడు పంతొమ్మిది పిల్లల్ని అలా కాపాడాం. పదహారు చచ్చిపోయాయి. కొన్ని పారుడుతో, కొన్ని పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి, కొన్ని ఏ జబ్బూ లేకుండా తలవాల్చి. ప్రతిదాన్నీ కోసి చూశాను, మందులు మార్చాను, పాలపొడి మార్చాను. మార్చనిది ఒక్కటే, నా ఆర్డరు.

ఆ కాగితం

అబూ సాలెం కోప్పడే మనిషి కాదు. మౌనంగా ఉంటాడు, అది ఇంకా కష్టం. ఎందుకు చచ్చాయో రాసి ఇవ్వమన్నాడు.

రాశాను. సీసాలు సరిగా మరిగించలేదని, పాలు పట్టే మనిషికి శిక్షణ లేదని, కాపరి అజాగ్రత్త వల్ల పిల్లలకు జబ్బు సోకిందని. ఒకటి రెండుసార్లు సీసాలు మురికిగా ఉన్నమాట నిజమే. అబద్ధం రాయడానికి ఎప్పుడూ చిన్న నిజం ఒకటి చేతికందుతుంది. ఆఫీసు గుమాస్తా దాన్ని అరబ్బీలోకి మార్చి, కింద కాపరి సంతకం కావాలన్నాడు. మల్లయ్యను పిలిచాను. ఏమి రాశారని అడగకుండా, తెలుగులో తన పేరు కూడబలుక్కుని రాసి వెళ్లాడు.

వారం తిరగకముందే అబూ సాలెం తేల్చేశాడు. వేసవి సెలవులు కాగానే మల్లయ్యకు ఎగ్జిట్. తిరిగి రావడానికి వీల్లేని ప్రయాణం అది. మల్లయ్య నా దగ్గరకు వచ్చి, 'ఒక్కమాట జెప్పుండ్రి సారు, ఇంకో రెండేండ్లు ఉంచుమని' అన్నాడు. చెబుతానన్నాను, చెప్పలేదు. చెబితే కాగితం మీదకు మాట వస్తుంది కదా.

కాఫీ కోసం ఆఫ్రికా

ఆ వేసవిలో అబూ సాలెం కొడుకు సాలెంను తీసుకుని కెన్యా వెళ్లాలనుకున్నాడు. అడవి జంతువుల్ని చూడాలని కొడుక్కి సరదా, తండ్రికి అంతకన్నా సరదా. వాళ్లకు ఇంగ్లీషు రాదు. నాకు పని నడిచేంత అరబ్బీ వచ్చు కాబట్టి దుబాసీగా నన్ను రమ్మన్నాడు. మల్లయ్యను కూడా రమ్మన్నాడు. మల్లయ్య కాచిన గహ్వా తప్ప మరో కాఫీ ఆయన నోటికెక్కదు. జింకల దగ్గర పనికిరాడని ఇంటికి పంపేస్తున్న మనిషిని కాఫీ కోసం ఆఫ్రికా దాకా మోసుకెళ్లడంలో ఆయనకు ఏ ఇబ్బందీ కనబడలేదు. పెద్ద యజమానుల దగ్గర పనిచేయబోయే వాళ్లు ఈ గుణాన్ని గుర్తుపెట్టుకోండి. అందులో చెడ్డతనం ఉండదు, ఆలోచన ఉండదు, అంతే.

నైరోబీలో దిగి, వ్యాన్‌లో చాలాసేపు ప్రయాణం చేసి అడవి జంతువుల పార్కు చేరాం. పైకప్పు లేచే వ్యాను. నడిపేది పీటర్ అనే గైడు. పార్కు మనిషి, నిమ్మళంగా మాట్లాడతాడు. మొదట చెప్పిన మాట, వ్యాను దిగకూడదు. నేను దాన్ని అరబ్బీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాను.

ఆ నాలుగు రోజులంత సంతోషం నా ఉద్యోగంలో మళ్లీ దొరకలేదు. పశువైద్యుడు ఆరోగ్యంగా ఉన్న జంతువును చూసేది ఎప్పుడు? మన దగ్గరకు వచ్చేవన్నీ మూలిగేవే. ఇక్కడ కనుచూపుమేర గడ్డి, అందులో వేల జీవాలు, ఒక్కదానికీ నా అవసరం లేదు. జీబ్రాలను చూసి మల్లయ్య, 'గీటికి చారలు ఎవ్వలు గీసిన్రో గని, ఒక్కటి సుత తప్పు పోలే' అన్నాడు. సింహాలు చెట్టు నీడన పొట్టలు పైకి పెట్టి పడుకుని ఉంటే ఆయన వాటిని ఎక్కువసేపు చూడలేదు. గొర్రెల మనిషికి పులైనా సింహమైనా ఒకటే, దొంగ.

పిట్టల దగ్గర మాత్రం మేమంతా చిన్నపిల్లలమైపోయాం. ఎండిన కొమ్మ మీద నీలి రెక్కలతో ఒక పిట్ట కూర్చుని ఉంది. ఛాతీ మాత్రం వంగపండు రంగు. మల్లయ్య చటుక్కున దండం పెట్టాడు. 'పాలపిట్ట సారు! దసరకు ఊరంత తిరిగినా దొరకది, గీడ ఉత్తగనే కూసుంది.' మల్లయ్య ఎందుకు దండం పెడుతున్నాడని సాలెం అడిగితే, మా ఊళ్లలో పండగ రోజు ఈ పిట్ట కనబడితే ఏడాదంతా మంచిదని చెప్పాను. అతను కెమెరా తీసి పిట్టను వదిలేసి మల్లయ్య ఫొటో తీశాడు.

కాసేపటికి గడ్డిలో మోకాలెత్తు కాళ్లతో, మెడ నిక్కించి, దొరబాబులా నడుస్తున్న పెద్ద పక్షి కనబడింది. అబూ సాలెం లేచి నిలబడి తల పైకప్పుకు కొట్టుకున్నాడు. 'హుబారా! యా దక్తూర్, హుబారాల తాత!' అన్నాడు. హుబారా పక్షి వేట కోసం సౌదీ వాళ్లు డేగలతో దేశాలు దాటి పోతారు. నేనూ లేచి నిలబడ్డాను. దాని చిన్న చుట్టాన్ని మా కర్నూలు బీళ్లలో బట్టమేక పిట్ట అంటారు. చిన్నప్పుడు మా మేనమామ ఒకసారి చూపించాడు, మళ్లీ చూడలేదు. ఒకే పక్షిని చూసి ఒక సౌదీ షేక్, ఒక కర్నూలువాడు ఇంటిని తలుచుకుని ఒకేలా మురిసిపోవడం పీటర్‌కు నవ్వు తెప్పించింది.

గడ్డిలో పిల్ల

మూడో రోజు పొద్దున ఒక మిట్ట దగ్గర కాఫీకి ఆగాం. మల్లయ్య ఫ్లాస్కు తెరుస్తుంటే పీటర్ చేయెత్తి ఆగమన్నాడు. వ్యానుకు యాభై అడుగుల దూరంలో ఒక చిన్న జింక. పక్కల నల్లచార. దాని పొట్ట కింద పిల్ల పాలు తాగుతోంది. తాగడం అయ్యాక పిల్ల నాలుగడుగులు నడిచి, గడ్డిలో ఒక చోటు చూసుకుని పడుకుంది. మెడ నేలకు ఆనించింది. అంతే, కళ్ల ముందే మాయమైంది. తల్లి వెనక్కి చూడకుండా నడిచి, చాలా దూరం పోయి, అటు తిరిగి మేయడం మొదలుపెట్టింది.

మల్లయ్య కప్పు కింద పెట్టేశాడు. 'గా తల్లి ఏడికి పోతాంది సారు? పిల్లను ఇడిశి పోతాంది! నక్కలుండే జాగ.' తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

'యాడికప్పా? దిగకూడదు' అన్నాను.

'ఎత్తుకొచ్చి తల్లి ముంగట ఇడుస్త, గంతే.'

పీటర్ వద్దని తల ఊపాడు. ఏమి జరుగుతుందో చూడమన్నాడు. సాలెం చిరుతను చూద్దాం పదండని గొడవ చేశాడు కానీ, అబూ సాలెం కదలనివ్వలేదు. ఎడారి మనిషికి ఎదురుచూడ్డం కొత్త కాదు.

గంట గడిచింది. ఒక నక్క వచ్చింది. ముక్కు నేలకు పెట్టి, పిల్ల పడుకున్న చోటుకు పది అడుగుల పక్కగా నడిచింది. మల్లయ్య కళ్లు మూసుకున్నాడు. నక్క ఆగింది, వాసన చూసింది, పోయింది. పిల్లకు వాసన ఉండదని, తల్లి దాని మలమూత్రాలు కూడా నాకేస్తుందని పీటర్ చెప్పాడు. తల్లి దగ్గర ఉంటేనే నక్కకు జాడ తెలుస్తుందట. అందుకే దూరంగా ఉండి కనిపెట్టుకుంటుంది.

రెండు గంటలు దాటాక తల్లి మెల్లగా తిరిగొచ్చింది. సరిగ్గా ఆ చోటుకు వచ్చి నిలబడి, చిన్నగా ఏదో శబ్దం చేసింది. గడ్డిలోంచి పిల్ల లేచింది. పొట్ట కిందికి దూరి తోక ఊపుతూ తాగింది.

మల్లయ్య నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. 'సారూ... మన తల్లులు సుత గిట్లనే అచ్చి ఉంటయి గద. అచ్చి, పండవెట్టిన జాగల సూసుకుంటే పిల్ల లేకపాయె. మనం ఎత్తుకపోతిమి.' ఆ పెద్ద మనిషి ఏడ్చేశాడు.

దుబాసీ పని

'ఎందుకు ఏడుస్తున్నాడు?' అన్నాడు అబూ సాలెం.

దుబాసీని నేనే. 'కంట్లో దుమ్ము పడింది' అన్నాను. సిగ్గులేకుండా అన్నాను, సులువుగా కూడా వచ్చింది.

పీటర్ ఊరుకోలేదు. జనం ఇలాంటి పిల్లల్ని అనాథలనుకుని ఎత్తుకొచ్చి పార్కు గేటు దగ్గర ఇస్తారని, జాలితోనే వాటిని చంపుతారని ఇంగ్లీషులో చెప్పి, ఇది షేక్‌కు చెప్పు అన్నాడు. చెప్పాను. ఒక్క మాట మార్చకుండా చెప్పాను. నా నోటినుంచి నా నేరమే అరబ్బీలో బయటికి వస్తుంటే చెవులు వేడెక్కాయి.

అబూ సాలెం నా వైపు తిరిగాడు. 'మన దగ్గర పిల్లల్ని ఎత్తి తెమ్మన్నది ఎవరు?'

మల్లయ్యకు ఆ మాత్రం అరబ్బీ వచ్చు. తల దించుకుని కప్పులు తుడుస్తున్నాడు. నా వైపు చూడలేదు. నేను మళ్లీ దుమ్ము అని ఏదో ఒకటి అనగలిగేవాణ్ణి. నిజం చెప్పాలంటే, అనడానికి నోరు తెరిచాను కూడా.

'నేను' అన్నాను. 'ఆర్డరు నాది. సీసాల వల్ల కాదు. కాగితంలో ఉన్నది తప్పు, అది నేనే రాశాను. మల్లయ్య నేను చెప్పింది చేశాడు.'

సాలెం కెమెరా దించేశాడు. అబూ సాలెం కప్పు చాచాడు, మల్లయ్య కాఫీ పోశాడు. ఆ పూటంతా ఆయన నాతో మాట్లాడలేదు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. విచిత్రం, బెంగ వేయలేదు. ఒళ్లు తేలికైంది. బసకు వచ్చి కడుపునిండా తిన్నాను.

పొద్దుగూకేవేళ వరండాలో పిలిచాడు. 'మా తాత రీమ్‌ల వేటగాడు. పడుకున్న పిల్ల కనబడితే ఒంటెను పక్కకు తిప్పేవాడు. ఎందుకో నేను అడగలేదు. నువ్వు డాక్టరువి, నీకు తెలుసనుకున్నాను' అన్నాడు. ఇంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత తీర్పు చెప్పాడు. మల్లయ్య ఒక కాన్పుల కాలం ఉంటాడు. అప్పుడు కూడా పిల్లలు చస్తే, ఇద్దరికీ ఒకే విమానంలో ఎగ్జిట్.

ముట్టకుండా ఉండడం

మందు ఇవ్వడం మన కాలేజీలు నేర్పుతాయి. ఊరకే ఉండడం నేర్పవు. అది నేర్చుకోవడానికి మాకు ఒక చలికాలం పట్టింది. కంచె లోపల పొదలు తక్కువని, ఖర్జూరపు మట్టలు, గడ్డిమోపులు తెచ్చి అక్కడక్కడా వేయించాం. కాన్పులు మొదలయ్యాక లోపలికి పికప్ పోవడం బంద్ చేశాం. నీళ్లు, మేత అంచులోనే పెట్టాం. అయోడిన్ సీసా నా అల్మారాలో పెట్టి తాళం వేశాను.

మల్లయ్యకు అది నరకం. కంచె బయట దుర్బీను పట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఒక పిల్ల పొద్దుటినుంచి ఒంటరిగా ఉంది. ఎండ ముదిరింది. తల్లి రాలేదు. ఈసారి ఆగలేకపోయింది నేను. గేటు దగ్గరకు పోయాను. మల్లయ్య నా చొక్కా పట్టుకుని లాగాడు. 'వద్దు సారు. మీరు పోతే అది రాది' అన్నాడు. మధ్యాహ్నం దాటాక తల్లి వచ్చింది.

ఎన్ని పుట్టాయో మాకు తెలియదు. అబూ సాలెం రియాద్ నుంచి ఫోన్ చేసి ఎన్ని అని అడిగితే, తెలియదన్నాను. ఎన్ని చచ్చాయి అంటే, అదీ తెలియదన్నాను. నీకు జీతం ఎందుకిస్తున్నానో చెప్పు అన్నాడు. అది కూడా తెలియదనబోయి ఆగాను.

మూడు నాలుగు వారాలకు పిల్లలు దాక్కోవడం మాని తల్లుల వెంట బయటికి రావడం మొదలైంది. ఒక పొద్దున మంద మొత్తం కంచె వారగా పరుగెత్తింది. మల్లయ్య వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు, నేను వేరుగా లెక్కపెట్టాను. ఇద్దరి లెక్కా కలవలేదు, మళ్లీ లెక్కపెట్టాం. పిల్లలే ఇరవై ఒకటి. మల్లయ్య నిలబడ్డచోటనే కూలబడి, నవ్వుతూ ఇసుక మీద చేత్తో కొట్టాడు. అబూ సాలెంకు ఫోన్ మల్లయ్య చేతే చేయించాను. అవతలినుంచి ఏమన్నాడో కానీ, ఆ మధ్యాహ్నమే గుమాస్తా వచ్చి, ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ చేయించాలని మల్లయ్య ఫొటోలు అడిగి తీసుకుపోయాడు.

ఆ పూట మల్లయ్య గదిలో తిన్నాను. తింటూ ఉండగా, మనసులో ఉన్నది ఇక దాచలేక అడిగాను. 'మల్లయ్యా, నీతో సంతకం పెట్టించిన కాగితంలో ఏముందో నీకు ఎప్పుడు తెలిసింది? వ్యాన్‌లో నేను చెప్పినప్పుడేనా?'

'గానాడే ఎర్కైంది సారు. మన డ్రైవర్ ఖాన్ భాయ్‌కి అరబ్బీ సదువొస్తది గద. కాయితం తీస్కపోయింది గాయ్నే, అడిగితే జెప్పిండు.'

అంటే ఎగ్జిట్ అన్నరోజు నా దగ్గరకు వచ్చి బతిమాలినప్పుడు ఆయనకు అంతా తెలుసు. ఆఫ్రికాలో నాలుగు రోజులు నాకు కాఫీ పోసినప్పుడూ తెలుసు.

'మరి నన్ను నిలదీయలేదేమప్పా?'

మల్లయ్య నా కంచంలో ఇంకో గరిటెడు కూర వేశాడు.

'అడిగితే మీరు ఇంకో కాయితం రాద్దురు. మీరే జెప్పాలె అని ఊకున్న.'